మూడో కల

భేజ్జి, కుంట తహసీలు, బస్తరు సంస్థానం
1936 ఫిబ్రవరి 9

మామయ్యకు,

భంతే అని మొదలుపెట్టబోతే అమ్మ పక్కనుంచి అడ్డం వచ్చింది. "నా తమ్ముణ్ణి గట్ల పిలుస్తవా? వాడేమన్న పరాయోడా?" అంది. ఆమెకు చదవడం రాదు గానీ నేను ఏ మాట దగ్గర ఉన్నానో ఎలాగో తెలిసిపోతుంది. కాబట్టి మామయ్య అనే రాస్తున్నాను. ఆ మాట లోపల రంగూన్ విహారంలోని భిక్షువు ఉన్నారని నాకు గుర్తుంది.

మిడిల్ పరీక్ష అయ్యాక జగదల్పూరు నుంచి వచ్చేసి, పై పరీక్షకు ఇంట్లోనే చదువుకుంటున్నాను. నాన్న పోయిన మూడేళ్ల నుంచి ఇంటి పెద్దను నేనే కదా, పొలం వదిలి వెళ్లలేను. పద్దెనిమిదేళ్లకే ఇంటి పెద్ద అంటే నవ్వొస్తుంది. కొత్త మాట దొరికితే చాలు, చింతగింజలా బుగ్గన పెట్టుకుని రోజంతా తిరుగుతున్నాను. మీరు పోయినేడు రాసి పంపిన అయిదు శీలాలు తీసుకున్నాను. తాగుడు, దొంగతనం నాకు ఎలాగూ లేవు. అబద్ధం ఆడకుండా ఉండటమే కష్టంగా ఉంది.

ఇప్పుడు ఒక ప్రశ్న. చదువు కోసమే అడుగుతున్నాను.

దసరా తరువాత మా ఊళ్లో జ్వరాలు తగులుకున్నాయి. ముగ్గురు పిల్లలు పోయారు. ఎవరి మందూ పనిచేయలేదు. చివరికి పెద్దలు కలలు చెప్పమన్నారు. ఈ కట్టు మీ చిన్నప్పుడూ ఉండేదని విన్నాను. సరిగా రాశానో లేదో చూడండి. ఊళ్లో రోగం ఆగకపోతే, నిద్రలోకి ఎవరి ముఖం వచ్చిందో ఇళ్లవాళ్లు చెప్పాలి. మూడు ఇళ్ల నిద్రల్లోకి ఒకే ముఖం వస్తే రోగం తెచ్చింది ఆ మనిషే. విత్తనాల పండుగనాడే పొలిమేర దాటి వెళ్లిపోవాలి.

రెండు కలలు చెప్పడం అయింది. మొదటిది ఊరి పెద్ద ఉంగది. రెండోది ముసలి కోసిది. ఇద్దరికీ లక్కే వచ్చిందట. లక్కే వాగు వైపు చివరి ఇంట్లో ఉంటుంది. ఇరవై ఏళ్లుంటాయి. భర్త బుధ్రా పోయిన వానల్లో చనిపోయాడు. చంకలో నాలుగు నెలల ఆడపిల్ల.

ఇప్పుడు ఊళ్లో పొద్దున్నే ఒకరినొకరు "తిన్నవా" అని అడగడం మానేశారు. "ఏమన్న కంటివా?" అని అడుగుతున్నారు.

బౌద్ధులు కలల గురించి ఏమంటారు? అవి ఎక్కడి నుంచి వస్తాయి? నిజమవుతాయా? కలలో కనిపించిన మనిషికి ఆ కలతో సంబంధం ఉంటుందా? మళ్లీ చెబుతున్నాను, ఇది చదువు కోసం. త్వరగా రాయండి.

మీ మేనల్లుడు
సీతారాములు

*

కెమ్మెండైన్, రంగూన్
1936 మార్చి 4

చిరంజీవి సీతారాములుకు,

నీ ఉత్తరం నిన్న అందింది. దస్తూరీ బాగుపడింది. కట్టు సరిగానే రాశావు, ఒక్కటి వదిలావు. మూడో కల చెప్పాక ఆ మనిషి తరఫున మాట్లాడే హక్కు ఎవరికీ ఉండదు.

నీ ప్రశ్నలకు మా పెద్దలు చెప్పినది రాస్తాను. కలకు నాలుగు కారణాలు. ఒకటి, ఒంట్లో పిత్తమో వాతమో చెడటం. అప్పుడు కొండమీంచి పడుతున్నట్టు, ఏదో తరుముతున్నట్టు కనిపిస్తుంది. రెండు, ఇదివరకు చూసినదీ, విన్నదీ, పదే పదే అనుకున్నదీ తిరిగి రావడం. మూడు, దేవతలు చూపించడం; వాళ్లు మేలు కోరీ చూపిస్తారు, కీడు కోరీ చూపిస్తారు. నాలుగు, రాబోయేదానికి గుర్తు. మొదటి రెండూ నిజం కావు. మూడోది నమ్మరానిది. నాలుగోది నిజం. అయితే తనకు వచ్చింది నాలుగింటిలో ఏదో కన్నవాడికి తెలియదు. పూర్తిగా మేలుకున్నవాడికి, అంటే అర్హంతుడికి, కలలే రావు.

కల కనేవాడు నిద్రలోనూ ఉండడు, మెలకువలోనూ ఉండడు. ఆ స్థితికి మావాళ్లు కోతినిద్ర అని పేరు పెట్టారు. కొమ్మ మీద కునికే కోతిని నువ్వు చూసే ఉంటావు. దాని మాట మీద ఎవరినీ ఊరు దాటించరు.

భిక్షువు కలలకు అర్థం చెప్పరాదని మాకు నియమం. ఇక్కడి బియ్యం మిల్లుల్లో పనిచేసే మనవాళ్లు ఇంటి కలలు మోసుకుని నా దగ్గరికి వస్తారు. మంచినీళ్లిచ్చి, కాసేపు కూర్చోబెట్టి పంపిస్తాను. కాబట్టి లక్కే గురించి ఊరు కన్న కలలకు అర్థం నన్ను అడగకు.

ఇంకో నియమం మాత్రం చెబుతాను. కలలో భిక్షువు ఏ తప్పు చేసినా అది దోషం కాదు. అక్కడ అతని సంకల్పం లేదు. నీ కలలో నువ్వు చేసినదానికి నీకే దోషం లేనప్పుడు, నీ కలలో ఇంకొకరు చేసినదానికి వాళ్లకు దోషం ఎక్కడిది?

రెండు కలలు చెప్పాక మూడోది రాకుండా ఆగిన ఏడాది ఉందేమో ఉంగనే అడుగు. ఊరంతా ఒకే ముఖాన్ని తలుచుకుంటూ పడుకుంటే ఎవరో ఒకరికి రాక తప్పదు.

సీతారాములూ, చదువు కోసం అడుగుతున్నానని రెండుసార్లు రాశావు. ఒక్కసారి రాసి ఉంటే నమ్మేవాణ్ణి. నీకు కల వచ్చిందా? వస్తే ఎవరికైనా చెప్పావా? వెంటనే రాయి. ఈ ఉత్తరం అక్కకు చదివి వినిపించకు.

సుమన భిక్షువు

*

భేజ్జి
1936 మార్చి 27

మామయ్యకు,

వచ్చింది. కోసి తన కల చెప్పిన నాలుగో రాత్రి వచ్చింది. మీకు మొదటి ఉత్తరం రాసేటప్పటికే వచ్చి రెండు రోజులైంది. ఎవరికీ చెప్పలేదు.

పోయినేడు మీరు మైత్రీ భావన రాశారు: పడుకునే ముందు ఒకరి ముఖం మనసులోకి తెచ్చుకుని, వాళ్లు సుఖంగా ఉండాలని కోరుకో, అలా పడుకున్నవాడికి చెడ్డ కలలు రావు అని. కోసి కల చెప్పిన రోజు లక్కే ఇంటికి వెళ్లే దారిలో ఎవరో ముళ్లకంప అడ్డం వేశారు. అది చూసిన రాత్రి నుంచి ఆమె ముఖాన్నే తెచ్చుకున్నాను. నూటఎనిమిదిసార్లు, లెక్క తప్పకుండా. నాలుగో రాత్రి ఆమె కలలోకి వచ్చింది.

మీ ఉత్తరం అందగానే ఉంగ దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఇంటిముందు బాణానికి ఈకలు కడుతున్నాడు. నాలుగు కారణాల సంగతి దోర్ల భాషలోకి మార్చి వినిపించాను. (వాళ్లు దోర్లలో అన్నది ఇక్కడ మన మాటల్లో పెడుతున్నాను.) కోతినిద్ర దగ్గరికి రాగానే నవ్వాడు.

"మీ మామ సముద్రం దాటి పోయింది కోతుల సంగతి నేర్చుకునేటందుకా? మా చెట్టు మీద లేవా కోతులు?"

"మూడో కల రాని ఏడు ఉందా అని అడగమన్నాడు, పెద్దా."

నవ్వు ఆగిపోయింది. ఈకను దారంతో బిగించాడు. "గా మాట అడిగేటందుకు మీ మామకు నోరెట్ల వచ్చింది? బుల్లమ్మ సంగతి రాయమను నీకు. మూడో కల ఎవలదో రాయమను."

బుల్లమ్మ ఎవరు మామయ్యా? ఇంటికి వచ్చి అమ్మను అడిగాను. ఆరబోసిన ఇప్పపువ్వు తిరగేస్తోంది. చెయ్యి ఆపకుండానే, "గా పేరు ఈ ఇంట్ల తియ్యకు" అంది.

విత్తనాల పండుగ మే పదిన పెట్టారు. ఆరోజు ఇంటికొకరు విత్తనాల బుట్టలో చెయ్యి పెట్టి, తమ ఇంటి నిద్రలోకి ఎవరైనా వచ్చారో లేదో అందరి ముందూ చెప్పాలి. మా ఇంటి నుంచి చెయ్యి పెట్టవలసింది నేను. రాలేదంటే అబద్ధం. మీ దగ్గర తీసుకున్న శీలం పోతుంది. వచ్చిందంటే లక్కే ఆరోజే పొలిమేర దాటాలి. ఇంకో నెలకు వానలు. వాగులు పొంగితే చంటిపిల్లతో ఎటు పోతుంది?

మొన్న అడవిలో ఇప్పపువ్వు ఏరుతూ కనిపించింది. తక్కిన ఆడవాళ్లంతా వేరే చెట్ల కిందికి జరిగారు. కొమ్మకు కట్టిన గుడ్డ ఉయ్యాలలో పిల్ల ఉంది. నన్ను చూసి నడుము ఎత్తింది.

"మీ ఇంట్ల అంత మంచిదే గద?"

"ఏంది?" అన్నాను, తెలిసీ.

"నిద్రలు బాగున్నయా అంటున్న."

ఆమె నా ముఖం వైపు ఒక్కసారి చూసి గంప ఎత్తుకుంది. "చెప్పేదుంటే వాన పడకముందే చెప్పు, సీతారాములు. పిల్ల నానకుంట పోవాలె."

ఇన్ని మాటలు పోగేశాను, ఆ సమయానికి ఒక్కటీ పనికిరాలేదు. అబద్ధమా, నిజమా? సూటిగా రాయండి. పండుగలోపు మీ ఉత్తరం నాకు అందాలి.

సీతారాములు

*

కెమ్మెండైన్, రంగూన్
1936 ఏప్రిల్ 19

చిరంజీవి సీతారాములుకు,

ఇది పండుగలోపు నీకు అందుతుందో లేదో తెలియదు. ఓడ ఎల్లుండి బయలుదేరుతుందట.

బుల్లమ్మ ఈతచాపలు అల్లేది. నలభై ఏళ్ల మనిషి, ఎవరూ లేరు. ఇరవై ఒక్క ఏళ్ల కిందట, మశూచి వచ్చిన ఏడు, ఆమె ముఖం రెండిళ్ల నిద్రల్లోకి వచ్చింది. మూడో ఇల్లు మాది. కల నాది. నాకు అప్పుడు పంతొమ్మిది.

కలలో నేను అడవిలో కుంటుతూ వస్తున్నాను. బుల్లమ్మ నన్ను రాతి మీద కూర్చోబెట్టి, అరికాల్లో ముల్లు తీసి, "ఇంటికి పో బిడ్డా" అంది. అంతే కల. విత్తనాల బుట్టలో చెయ్యి పెట్టి నేను అన్నది మాత్రం, "బుల్లమ్మ వచ్చింది." ఉంగ తండ్రి అప్పటి పెద్ద. ఆయన "చాలు" అన్నాడు. నాకూ చాలనిపించింది. ముల్లు సంగతి వదిలేసింది సిగ్గుతో కాదు, భయంతోనూ కాదు. ఊరంతా నావైపే చూస్తోంది. పంతొమ్మిదేళ్లవాడికి అది బాగుంటుంది.

ఆమె చాప ఒకటి చుట్టుకుని వెళ్లిపోయింది. నాలుగో రోజు వాన పట్టుకుంది. అప్పుడు బయలుదేరాను వెతకడానికి. చాప పట్టుకున్న ఆడమనిషిని ఏరు దాటించానని కుంటలో పడవవాడు అన్నాడు. భద్రాచలంలో ఎవరో చూశామన్నారు. రాజమండ్రిలో ఎవరూ చూడలేదు. కాకినాడ రేవులో ఒక మేస్త్రీ, అలాంటి మనిషి రంగూన్ ఓడ ఎక్కిందన్నాడు. కూలీలను ఎక్కించుకోవడానికి అతను ఏమైనా అంటాడని తరువాత తెలిసింది. నేను ఓడ ఎక్కాను. ఇక్కడి తెలుగువాళ్ల బస్తీలన్నీ నాలుగేళ్లు తిరిగాను. ఒకరోజు ఆకలేసి ఈ విహారం గుమ్మంలో కూర్చున్నాను. లేవలేదు. సన్యాసం కోసం ఇల్లు విడిచానని మీరంతా అనుకుంటున్నారు. నేను అనుకోనిచ్చాను.

ఇప్పుడు నీ సంగతి. ముందుగా, తప్పు నాది. మైత్రీ భావన రాసినప్పుడు ఒక హెచ్చరిక వదిలేశాను. ముందు తనను తాను తలుచుకోవాలి, తరువాత గురువును. యువకుడు యువతి ముఖంతో మొదలుపెట్టరాదు. మైత్రి అనుకుంటూ మొదలుపెట్టి ఇంకోచోటికి చేరతాడు. కాబట్టి నీ కల ఏ దేవతా పంపినది కాదు. రోజుకు నూటఎనిమిదిసార్లు చొప్పున నువ్వు కట్టుకున్నది.

రెండోది. రెండు ఉత్తరాలు రాశావు. కలలో లక్కే ఏం చేసిందో ఒక్కదానిలోనూ లేదు. నాకు రాయనక్కరలేదు. నీకైతే తెలుసు కదా.

అబద్ధం చెప్పమని నేను రాయలేను. నాలా నిజం చెప్పమని కూడా రాయలేను. నేను ఆరోజు ఒక్క అబద్ధం మాట అనలేదు. నిజంలో నాకు అవసరమైనంత కోసి ఇచ్చాను. మనిషిని పోగొట్టడానికి అంతే సరిపోయింది.

బుట్టలో చెయ్యి పెట్టాక "చాలు" అంటారు. అక్కడ జాగ్రత్త.

సుమన భిక్షువు

*

భేజ్జి
1936 మే 10, సాయంత్రం

మామయ్యకు,

మీ ఉత్తరం రాలేదు. రెండుసార్లు కుంట వెళ్లి తపాలా ఇంటి అరుగు మీద కూర్చుని వచ్చాను. ఈ పొద్దున పండుగ అయిపోయింది.

పొద్దెక్కేసరికి పద్దెనిమిది ఇళ్లవాళ్లు వచ్చారు. బుట్ట ఉంగ ముందు ఉంది. లక్కే పిల్లను ఎత్తుకుని దూరంగా ఎండలోనే నిలబడింది. ఆమె కాళ్ల దగ్గర మూట కట్టి ఉంది. ముందే కట్టుకుని తెచ్చుకుంది మామయ్యా.

ఒక్కొక్క ఇల్లు చెయ్యి పెట్టింది. "మా ఇంట్ల ఎవలు రాలే." పదకొండు ఇళ్లు అలాగే అన్నాయి. పన్నెండోది మాది. నిన్న రాత్రి దాకా రాలేదనే చెబుదామనుకున్నాను. మీ మార్చి ఉత్తరంలో కలలో సంకల్పం ఉండదని రాశారు కదా, అది పొద్దున మళ్లీ చదివితే ఒకటి తట్టింది. కలలో సంకల్పం లేదు, నిజమే. కాని కలకు ముందు ఉంది. నాకు ఉంది.

చెయ్యి పెట్టి, "లక్కే వచ్చింది" అన్నాను.

ఎవరో తల్లి పిల్లవాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. లక్కే వంగి మూట అందుకుంది.

"చాలు. చెయ్యి తియ్యి" అన్నాడు ఉంగ.

"ఇంకా అయిపోలేదు, పెద్దా."

"వచ్చిందన్నవు గద. ఇంకేంది?"

ముసలి కోసి ముందు వరసలో ఉంది. "చెయ్యి విత్తనాలల్లనే ఉన్నది. ఉన్నంతసేపు చెప్పనియ్యాలె. మీ అయ్య కట్టే గద అది" అంది.

"ఆమె తనంతట రాలేదు. నేనే పిలిచాను. నాలుగు రాత్రులు పిలిచాను" అన్నాను.

అది ఎంత ప్రమాదమో నోట్లోంచి వచ్చాక గాని తెలియలేదు. జనం వెనక్కి జరిగారు. ఉంగ లేచి నిలబడ్డాడు. "పిలిచినవా? ఏ మంత్రం? రంగూన్ కాయితం మంత్రమా?"

"మంత్రం కాదు."

"ఏందో అను. అందరు వినేటట్టు అను."

నేను దోర్లలో అన్నాను. "లక్కే సుఖంగా ఉండాలె. లక్కే పిల్ల సుఖంగా ఉండాలె. వాళ్లకు భయం లేకుండా ఉండాలె."

అందరూ ఇంకా ఏదో ఉందని ఎదురుచూశారు. ఉంగ అడిగాడు, "గింతేనా?"

"గింతే. రాత్రికి నూటఎనిమిదిసార్లు."

కల్లు గీసే లచ్చు పగలబడి నవ్వాడు. "నూటెనిమిదిసార్లు ఒక్క ఆడిపిల్ల పేరు తీస్తే కలలకు రాక ఏంజేస్తదిరా? మీ ఇంటి ఎద్దును తలిస్తే ఎద్దు వచ్చేది గదా!" మగవాళ్లంతా నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి. అయినా చెయ్యి తీయలేదు. కల మొత్తం చెప్పాను. మా కళ్లంలో గడ్డి మీద కూర్చుంది. నన్ను పేరు పెట్టి పిలిచింది. పిల్లను నా చేతికిచ్చి, జుట్టు ముడి విప్పుకుని, మళ్లీ వేసుకుంటూ నవ్వింది. నేను కూడా నవ్వాను. లేచాక రోజంతా సంతోషంగా ఉన్నాను. ఇదీ కల. మీకు ఇది రాయలేదు. రాసేంత మాట నా దగ్గర లేదనుకున్నాను. ఉంది, ధైర్యమే లేదు. అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది.

నవ్వులు ఆగాక పక్కింటి సోమి, "మరి కోసవ్వా, నీ కలల ఏం జేసింది?" అని అడిగింది.

కోసి బిత్తరపోయింది. "నన్ను గా సంగతి ఎవలడిగిండ్రు? వచ్చిందా అంటే వచ్చిందన్న." తల దించుకుని, "నిప్పు అడిగింది. గుమ్మంల నిలబడి, జర నిప్పియ్యి అవ్వా అన్నది. గంతే" అంది.

"గంతేనా?"

"గంతే. గా ముందురోజు పగటిపూట నిజంగనే వచ్చి అడిగింది. పిల్లలు సస్తున్నరు గద, భయమై తలుపేసుకున్న. పండుకుంటే గదే మనసుల తిరిగింది."

అందరూ ఉంగ వైపు తిరిగారు. ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు, కాని చూపు తిప్పలేదు. ఆయన బుట్టలో గింజలు చాలాసేపు చూశాడు. ఆయన కలలో ఏముందో నాకు తెలియదు, అసలు కల వచ్చిందో లేదో కూడా తెలియదు. చివరికి బుట్ట ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. "విత్తనం ఎండకు కాగుతున్నది. వానలు పోయినంక చూద్దాం" అని పొలాల వైపు నడిచాడు. జనం వెనక వెళ్లారు.

లక్కే నా దగ్గరికి వచ్చింది. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"దినాం రాత్రి నా పేరు నోట్ల పెట్టుకునేటందుకు నన్నడిగినవా?"

"లేదు."

"అందరు గంతే. నిద్రల్ల నాతోని నవ్వుతరు, నిప్పులడిగిస్తరు, అన్ని చేస్తరు. మెలకువల ఒక్కలు పలకరియ్యరు." మూట ఎత్తుకుని ఇంటివైపు వెళ్లిపోయింది. ముళ్లకంపను కాలితో పక్కకు నెట్టింది.

ఆమె నాకు ఒక మంచిమాట చెబుతుందని ఎదురుచూశానని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. అమ్మ పొద్దుటి నుంచి నాతో మాట్లాడలేదు. పిల్లల జ్వరాలు తగ్గలేదు. వానలు పోయాక ఏం చూస్తారో తెలియదు. నేను చేసింది సరైనదేనా?

సీతారాములు

*

భేజ్జి
1936 మే 23

మామయ్యకు,

నా మొన్నటి ఉత్తరం, మీ ఏప్రిల్ ఉత్తరం దారిలో ఎదురుపడి ఉంటాయి. మీది పండుగైన మూడో రోజు అందింది. చదివి, అమ్మకు వినిపించాను. వద్దని మీరు ముందు ఉత్తరానికి అన్నారు, దీనికి అనలేదు. రెండుసార్లు చదివించుకుంది. పండుగ తరువాత నాతో ఆమె మొదటి మాట ఇది: "ముల్లు కలల తియ్యలేదురా. నిజంగనే తీసింది. గప్పుడు వానికి ఆరేండ్లు. నేను పక్కనే ఉన్న. వానికి యాది లేదు, నాకున్నది. గా దినం బుట్ట కాడ నేను కూడ నోరు తెరవలే."

మీకు అది రాయమంది. మీరు ఒక్కరే మోస్తున్నారని అనుకోవద్దంది.

ఇక లక్కే సంగతి. పండుగైన నాలుగో రోజు పొద్దున ఆమె తిన్నగా ఉంగ ఇంటికి వెళ్లి, తన వంతు విత్తనం అడిగింది. ఊరు తరిమినవాళ్లకు విత్తనం ఇవ్వరు. ఇచ్చారంటే ఆ మనిషి ఊరి మనిషే. ఉంగ ముంత చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"యాడికి పోతవు?" అన్నాడు.

"జగర్గుండ. మా అన్న ఆయతు కాడికి. వానలు పోయినంక చూద్దామన్నవు. గప్పటిదాక మీ నోళ్ల దిక్కు చూసుకుంట కూసోను. పంట ఆడ ఏస్త. నచ్చితే ఉంట, లేకుంటే వస్త. నా ఇల్లు ముట్టకుండ్రి."

ఆయన మూడు ముంతలు కొలిచి పోశాడు. అంచుదాకా పోశాడు.

దారికి తోడు వస్తానని నేను వెళ్లాను. "నువ్వొద్దు" అంది. అప్పుడు కోసి కర్ర పట్టుకుని వచ్చి, ఎవరినీ అడక్కుండా పిల్లను వీపుకు కట్టుకుంది. ఆ వయసులో రెండు రోజుల నడక. లక్కే ఒక్క క్షణం చూసి, "దారిల సచ్చిపోతే నన్నే అంటరు, అవ్వా" అంది. "సావను. నడువు" అంది కోసి. ఊరు చూస్తూ ఉండగానే వెళ్లారు.

తరువాత ఎనిమిది రోజులు నేను మైత్రీ భావన మీరు చెప్పిన వరసలోనే చేశాను. ముందు నేను, తరువాత మీరు. మూడో ముఖం దగ్గర ఆగిపోయాను. కలలు ఏమీ రాలేదు. నిద్రే సరిగా రాలేదు.

నిన్న మధ్యాహ్నం కోసి తిరిగి వచ్చింది. మా వాకిట్లోనే కూలబడి నీళ్లడిగింది. అమ్మ ముంత ఇచ్చింది. నేను అడిగాను, "చేరిందా అవ్వా?"

"చేరింది. ఆయతు మంచోడు. పిల్లకు ఉయ్యాల కట్టిండు."

"ఇంకేమన్న చెప్పిందా?"

ముసలిది నీళ్లు పూర్తిగా తాగి, మూతి తుడుచుకుని, అమ్మ వైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసింది. "నీకొక మాట చెప్పమన్నది. ఇగ రాత్రిపూట పిలవొద్దన్నది. మాట్లాడేదుంటే పట్టపగలు, తొవ్వ మీద, అందరు చూస్తుండంగ రమ్మన్నది. వచ్చినంక ఏమంటదో నాకు తెల్వదు. తిట్టినా తిడుతది."

రేపు పొద్దున బయలుదేరుతున్నాను. వానలు ఇంకా పడలేదు. అమ్మకు చెప్పాను. చాట పక్కన పెట్టింది.

"తొవ్వ మీద పోతే ఊరంత చూస్తది గదరా."

"చూడాలనే గదమ్మా రమ్మన్నది."

సీతారాములు